న్యాల్‌కల్ జొన్నచేల చదువు

మార్గశీర్ష మాసము ముగియు అమావాస్యనాడు, యాసంగి జొన్న మనిషెత్తు పెరిగి పొట్టకు వచ్చు దినములలో, న్యాల్‌కల్ పరిసర గ్రామములయందలి కుటుంబములు తెల్లవారకముందే పొయ్యి రాజేసి, రొట్టెలు చేసి, కుండనిండ కూర వండి, గంపలకెత్తి, పిల్లలను వెంటబెట్టుకొని పొలములకు తరలిపోవును. దీనిని అచ్చటివారు ఎల్లమాస యందురు. కన్నడమున ఎళ్ళనగా నువ్వులు. ఎళ్ళ అమావాస్యయే నాలుకలపై నలిగి ఎల్లమాసయైనది. ఈ సీమలో శూన్యం పండుగ యను మాటయు వినవచ్చును. నిండుచూలాలైన భూదేవికి సీమంతము జరుపుచున్నామని వారి భావన. ఆనాటి కూరకు బజ్జికూర యని పేరు. పచ్చికందులో, అనుములో, బొబ్బర్లో, శనగలో, పల్లీలో, ఆ వేళకు చేనిలో ఏమి చేతికందిన నవియెల్ల, వానితోపాటు దొరికిన ఆకుకూరలు, పైన పులుపు, చిక్కదనమునకు శనగపిండి, ఇన్నియు ఒక్క పాకములో ఉడుకును. పైరుకు ముందు పొలి చల్లి, పిమ్మట మనుష్యులు చెట్టునీడను కూర్చుండి తిందురు.

పరిమితమైన సంపాదనతో సంసారము నీడ్చుకొను కుటుంబములకు ఏమి తినవలయునో, ఎంత తినవలయునో, కొద్దిపాటి పైకముతో దానిని ఎట్లు సమకూర్చుకొనవలయునో బోధించు తరగతులు మన దేశమున ఇరువదవ శతాబ్దపు సృష్టి యని సాధారణముగ చెప్పుదురు. ప్రభుత్వ దస్తరముల మట్టుకు ఆ మాట నిజమే. కాని న్యాల్‌కల్ వంటి సీమను కన్నులయెదుట నుంచుకొని యోచించునప్పుడు, ఆ పాఠము బడికంటె ముందు చేనిలో నుండెననియు, నడుమ ఒక తరము కాలము అది చెదరిపోయెననియు, మరల దానిని కూడదీసినవారు ఆ యూళ్ళలో అందఱికంటె పేదలైన దళితస్త్రీలే యనియు నాకు తోచుచున్నది. పోషణ విషయమున వారికి చెప్పదగినది ఏదో మనయొద్ద నున్నదని నమ్ముచు వచ్చిన విద్యావంతులము వారినుండి నేర్చుకొనవలసినది ఎంతయున్నదో ఈ చరిత్ర తెలుపును.

న్యాల్‌కల్ నేడు సంగారెడ్డి జిల్లాలోని మండలము. 2016 అక్టోబరు వఱకు అది మెదక్ జిల్లాలోనిది. 1956 నవంబరు 1కి పూర్వము హైదరాబాదు రాష్ట్రపు బీదర్ జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ చట్టము హైదరాబాదును మూడు భాగములుగ పంచినప్పుడు, బీదర్ తాలూకానుండి న్యాల్‌కల్ సర్కిలును పేరుపెట్టి విడదీసి, నిర్ణా సర్కిలు మినహా జహీరాబాద్ తాలూకాతోడను, నారాయణఖేడ్ తాలూకాతోడను కలిపి తెలుగునాటికి చేర్చిరి. కాగితముపై గీచిన ఆ గీత వంటయింటిని దాటలేదు. అచ్చట తెలుగు మాటలో కన్నడపు పలుకు, కన్నడపు పలుకులో ఉర్దూ పదము నేటికిని కలగలిసి యుండుట యెట్లో, పళ్ళెములో జొన్నరొట్టె ప్రక్క పుంటికూర పప్పు, కుసుమగింజల కారము కలసియుండుట యట్లే. ఎల్లమాస బీదరునందెట్లో న్యాల్‌కల్‌నందును అట్లే జరుగుచున్నది.

నేల రెండు విధములైనది. గుల్లరాతితో గూడిన యెఱ్ఱనేల మెట్టలమీద, నల్లరేగడి పల్లములందు. కాలువనీరు ఎఱుగని యీ భూమిలో వానచినుకునే నమ్మి సేద్యము చేయువాడు ఒకే పంటను వేయుట ప్రాణములను పందెమొడ్డుటయే గనుక, పెద్దలు ఒకే చేనిలో పది, పండ్రెండు, కొన్నియెడల ఇరువది రకముల గింజలు కలిపి చల్లుట నేర్చిరి. జొన్న, సజ్జ, కొఱ్ఱ, సామ, తైద. వాని నడుమ కంది, పెసర, మినుము, బొబ్బర, అనుము. అంచులందు పుంటికూర, నువ్వు, వలిసె. వాన ముందుగ వచ్చిన ఒకటి పండును, వెనుకబడిన ఇంకొకటి పండును. ఏదియు పండని యేడును కలదు గాని అన్నియు ఒక్కమారు నాశమగుట అరుదు. చలికాలమున రేగడిలో మంచుచెమ్మతోనే పెరుగు యాసంగి పైరులకు ఆ ప్రాంతపు స్త్రీలు సత్యం పంటలని పేరిడిరి. వాన లేక, ఎరువు లేక, కేవలము నేలలోని సత్యముచేత పండునవి యని ఆ పేరులోని యర్థము. ఇంత సొగసైన పారిభాషిక పదము వ్యవసాయ శాస్త్రగ్రంథములలో నాకు కనబడలేదు.

ఈ మిశ్రమపంట కరవునుండి కాపాడు యుక్తి మాత్రమే కాదు. జొన్నలో కొఱతపడు మాంసకృత్తుల భాగమును కంది పూరించును. కందిలో లేని క్రొవ్వును నువ్వు, కుసుమ యిచ్చును. మూడింటిలోను చాలని సున్నపుధాతువును, విటమినులను పుంటికూరయు, పైరుసందున తానై మొలచు తుమ్మికూర, దొగ్గలికూర, జొన్నచెంచలి, తెల్లగర్జెల, పాయలకూర మున్నగునవియు సమకూర్చును. ఈ తానై మొలచు కూరలకు విత్తనపు ఖర్చు లేదు, అంగడి లేదు. కలుపుతీయబోయిన యాడుది కొంగులో వేసికొని వచ్చినచో ఆ రాత్రికి కూర సిద్ధము. అవి తినదగినవని యెఱుగని వ్యవసాయశాఖ వానిని కలుపుమొక్క లనెను. సంతకు పోక, పైసా విడువక, ఇంటిల్లిపాదికి సమీకృతమైన భోజనము చేనినుండియే వచ్చు నేర్పాటు అది. పావలాలు లెక్కించు సంసారమునకు ఇంతకంటె మంచి యాయవ్యయపట్టిక ఏ యింటియందును ఉండదు.

అయితే పూర్వకాలమంతయు సుభిక్షమేయని చెప్పబూనుట అసత్యము. భూమిగలవాని చేనిలో పండ్రెండు పంటలున్నను, ఆ చేనిలో కూలిచేయువాని కుండలోనికి వచ్చినది జొన్న యొక్కటియే. కూలి జొన్నరూపమున కొలిచిరి, పప్పు కొలువలేదు. దక్కను పీఠభూమిలోని పేద జొన్నభోజులలో పెల్లాగ్రా యను వ్యాధి కనబడుటకు ఈ యసమానతయే ప్రధాన హేతువని నేను తలచెదను. మెడచుట్టును, ముంజేతులమీదను ఎండ తగిలినచోటనెల్ల చర్మము నల్లబడి పొలుసులుగ రాలును, అతిసారము పట్టును, ముదిరినచో మతి చలించును. మక్కజొన్న తినని జనులలో ఈ రోగమేల వచ్చుచున్నదని హైదరాబాదు వైద్యులు పరిశోధించి, 1960లో గోపాలన్, శ్రీకంఠయ్య యను శాస్త్రజ్ఞులు జొన్నయందలి ల్యూసిను అను పదార్థపు ఆధిక్యమే కారణమై యుండునని లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఆ సిద్ధాంతముపై తరువాత వాదప్రతివాదములు నడచినవి. కాని జొన్నతో పప్పును, ఆకుకూరయు, పాలును, మాంసమును తినువారికి ఈ వ్యాధి సాధారణముగ రాదనుటలో ఎవ్వరికిని వివాదము లేదు. దోషము గింజది కాదు, ఒంటిగింజది.

ఆ పరిశోధన జరిగిన సంస్థకును ఒక చరిత్ర కలదు. 1918లో కూనూరులోని పాశ్చరు సంస్థయందు ఒక చిన్న గదిలో రాబర్ట్ మెక్కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధినిగూర్చి ఆరంభించిన విచారణయే క్రమముగ పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969నుండి జాతీయ పోషకాహార సంస్థగ వ్యవహరింపబడుచున్నది. కూనూరునందున్నప్పుడే, అప్పటి సంచాలకుడు ఐక్రాయిడ్ 1937లో ఇరువదిమూడవ సంఖ్యగల ఆరోగ్యప్రచురణను వెలువరించెను. భారతీయాహారముల విలువలను పట్టికలుగ గుదిగ్రుచ్చి, తృప్తికరమైన భోజనము నెట్లు రచించుకొనవలయునో అందు వివరించిరి. మన దేశమున అటుతరువాత జరిగిన పోషణబోధ యంతటికిని ఆ చిన్నపుస్తకమే మూలగ్రంథము. అందుండి పెరిగిన పట్టికలే నూఱు గ్రాముల మరబియ్యమున మాంసకృత్తులు 6.8 గ్రాములనియు, జొన్నలో 10.4 గ్రాములనియు, సున్నపుధాతువు బియ్యమున 10 మిల్లీగ్రాములుండగా తైదలో 344 మిల్లీగ్రాములనియు మనకు చూపినవి. పేదవాడు తినుచున్న గింజయే పుష్టిగలదని అంకెలే సాక్ష్యము పలికినను, ఆ సాక్ష్యమును విన్న ప్రభుత్వములు తక్కువ.

స్వాతంత్ర్యానంతరము 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకము వచ్చినది, గ్రామసేవికలు వచ్చిరి, మహిళామండలులు వెలసినవి. 1975లో అదే తేదీన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము ప్రారంభమై, తల్లులకు ఆరోగ్య పోషణ విద్య నేర్పుటను తన యారు సేవలలో నొకటిగ చేర్చుకొన్నది. హైదరాబాదు సంస్థ కూర్చిన హైదరాబాదు మిశ్రమము ఆ కాలపు బోధనాపద్ధతికి మంచి నిదర్శనము: వేయించిన గోధుమ 40 గ్రాములు, శనగ 16, పల్లీ 10, బెల్లము 20 కలిపిన 330 కెలొరీలును, 11.3 గ్రాముల మాంసకృత్తులును క్షీణించిన బిడ్డకు లభించును. ఖరీదైన డబ్బాపాలు లేకయే ఇంటిలోని వస్తువులతో బిడ్డను బ్రతికింపవచ్చునని చూపిన ఆ మిశ్రమమునకు నేను మనసార నమస్కరింతును. కాని ఆ తరగతులలో నొక లోపము మొదటినుండియు నుండెను. గోడకు వ్రేలాడు చిత్రపటములో పాలగ్లాసు, గుడ్డు, ఆపిలుపండు, కారటు ఉండెడివి. వినుచున్న యాడుది కూలికి పోయివచ్చి, పిల్లకు పాలిచ్చుచు, తన చేనులోని తుమ్మికూర ఆ పటములో ఏలలేదో యడుగలేక వెడలిపోయెడిది. ఏది కొనవలయునో చెప్పుదురు. కొనుటకు పైకమెట్లు వచ్చునో, పండించుకొనుటకు భూమి యెవ్వరిదో చెప్పరు. పోషణబోధ పొలమునుండి విడివడిన నాడే సగము బలము కోల్పోయెను.

1983వ సంవత్సరము ఈ కథకు మలుపు. ఆ యేడు రెండు సంగతులు ఒక్కమారు జరిగినవి. మొదటిది, నందమూరి తారకరామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యము పథకమును తెచ్చుట. ఆకలిగొన్నవారికి అది నిజమైన ఆసరాయే. ఏనాడో పండుగకుగాని వరియన్న మెఱుగని దళితవాడలకు తెల్లని అన్నము గౌరవముగ నింటికి వచ్చినది. దానిని తేలికగ మాటాడుట నాకు సమ్మతము గాదు. కాని వరి పండని న్యాల్‌కల్ వంటి మెట్టసీమలో దాని ఫలితము వేఱుగ నుండెను. ఎక్కడో నదీజలములతో పండిన బియ్యము చౌకగ వచ్చుచుండగా, పుట్టెడు కష్టపడి జొన్న నేల పండింపవలయునను ప్రశ్న పుట్టెను. మెట్టభూములు పడావు పడినవి. భూసంస్కరణలక్రింద దళితులకు దక్కిన రాతినేలలైతే మఱియు ముందుగ పడావు పడినవి. పడావు నేలపై కలుపుకూరయు నుండదు, కూలియు నుండదు. జొన్నతో వచ్చు పప్పు, కూర, చొప్ప, పశువు, పాలు ఒకదానివెంట నొకటి జారిపోగా మిగిలినది బియ్యపు సంచి యొక్కటి. జొన్నయొక్క ఒంటితనము పోయి బియ్యపు ఒంటితనము వచ్చినది.

రెండవది, అదే 1983లో జహీరాబాద్‌కు సమీపమునందలి పస్తాపూర్ కేంద్రముగ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ యను సంస్థ పుట్టుట. దూరదర్శన్‌లో పనిచేసివచ్చిన పి.వి. సతీష్ దీని స్థాపకులలో ముఖ్యుడు. మరణపర్యంతము, అనగా 2023 మార్చి 19 వఱకు, దానితోనే యుండెను. జహీరాబాద్, న్యాల్‌కల్, ఝరాసంగం, రాయికోడ్ మండలముల పల్లెలలో ఈ సంస్థ పేద దళితస్త్రీలను సంఘములుగ కూర్చెను. పగలంతయు కూలిచేసిన స్త్రీలు రాత్రి బువ్వ తిన్న పిమ్మట దీపమువెలుగున కూర్చుండి మాటాడెడివారు. పోషణతరగతి యను మాట వారు ఎఱుగరు గాని, జరిగినది అదియే. ఏ గింజ ఏ నేలకు తగును, ఏ విత్తనము ఎవరి యింట మిగిలియున్నది, బాలెంతకు ఏ జావ పెట్టవలయును, ఆషాఢమున కుండలు వట్టిపోయిన వేళ ఎవరి యింట పొయ్యి వెలుగుట లేదు అను సంగతులే అచ్చటి పాఠ్యాంశములు.

ఆ మాటలనుండియే 1990ల నడిమిప్రాంతమున ప్రత్యామ్నాయ ప్రజాపంపిణీ వ్యవస్థ పుట్టినది. ఈ సీమ స్వాభిమానమునకు తలమానికమైన ఈ కార్యము సావకాశముగ చెప్పదగినది. రేషను బియ్యమును దూరమునుండి తెచ్చుటకు వెచ్చించు ప్రభుత్వధనములో కొంత మా పడావు నేలను దున్నుట కిండు, మా గింజ మేమే పండించి మా యూరివారికే పంచెదము అని ఆ స్త్రీల వాదము. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ యంగీకరించి ధనమిచ్చెను. ముప్పదికి పైబడిన గ్రామములలో సుమారు 2,500 ఎకరముల పడావు భూమి సాగులోనికి వచ్చినది. దుక్కికి, పెంటయెరువునకు, కలుపుతీతకు సకాలమున అప్పిచ్చుట, ఆ యప్పును రైతు నగదుగ కాక జొన్నగ కొన్నియేండ్లపాటు తీర్చుట, ఆ జొన్న ఊరిలోని సంఘపు గాదెయందే నిలువచేయుట, చేలను స్త్రీలే పంచుకొని పర్యవేక్షించుట నియమము. వేపాకు, బూడిద కలిపి పురుగు పట్టకుండ గింజను కాపాడు ప్రాతవిద్య మరల పనికి వచ్చినది.

గింజ చేరినపిమ్మట ఎవరికి పంచవలయును? సర్కారు పద్ధతిలోనైన ఆదాయధ్రువపత్రము కావలయును. దానికి కచ్చేరి చుట్టు తిరుగవలయును. ఇచ్చట ఊరివారు ఒకచోట చేరి, నేలమీద రంగుముగ్గులతో ఊరిపటమును వేసి, ఇంటింటికి ఒక గుర్తు పెట్టి, ఎవరింట ఎంత లేమియున్నదో అందఱియెదుట తేల్చిరి. లేమి తరగతులుగ విడదీయబడెను. మిక్కిలి పేదకు హెచ్చు జొన్న, కొంత కలిగినదానికి తక్కువ. జొన్నకార్డు చేతికిచ్చి, తిండికి కటకటయగు మాసములలో, అంగడిధరకంటె తక్కువకు కొలిచిరి. భర్త త్రాగుబోతై యింటికి రూకయు తేనిది, పొలమున్నను కొడుకులు విడిచిన ముదుసలి, ఇట్టివారి కష్టము ఏ ధ్రువపత్రమునకును అందదు గాని ఇరుగుపొరుగు ఆడువారికి తెలియును. కుటుంబపు ఆహారవ్యయమును లెక్కించు విద్య పండితులు పుస్తకముపై చేసినదానికంటె ఆ ముగ్గుపటముమీద సూక్ష్మముగ జరిగెనని నా నిశ్చయము.

సంఘములు నడపిన బాలవాడలలో పసివారికి చిరుధాన్యములతో వండిపెట్టిరి. మచ్నూరులో పచ్చసాలె యను బడియందు అక్షరములతోపాటు సేద్యము, వడ్రంగము, కుమ్మరము నేర్పిరి. దాదాపు 2000వ సంవత్సర ప్రాంతమునుండి సంక్రాంతి కాలమున పాత పంటల జాతర బయలుదేరుచున్నది: పదుల రకముల విత్తనములను గంపలలో నింపి, అలంకరించిన యెడ్లబండ్లపై నెక్కించి, నెలరోజులపాటు ఊరూరికి పాటలతో డప్పులతో తీసికొనిపోవుదురు. బండి ఆగినచోట పెద్దలు గంపలో చేయిపెట్టి, తాము మఱచిన గింజను పోల్చి, ఆ గింజతో తమ తల్లులు వండిన వంటను చెప్పుచుందురు. చదువురానివారికి చదువు చెప్పు పద్ధతి యిది యని కొందరందురు. చదువు వచ్చినవాడు ఆ బండివెనుక నడచినను నష్టపడడు. 2008 అక్టోబరు 15న మచ్నూరునందు సంఘం రేడియో ప్రారంభమైనది. దళితస్త్రీలు తామే నడపు ఈ రేడియోలో ఏ మాసమున ఏ కూర దొరకును, దానిని ఎట్లు వండవలయును అను సంగతులు ఆ యూళ్ళ యాసలోనే సాయంకాలము చెవులకు చేరుచున్నవి.

ఈ కృషి ఫలించెనా యను ప్రశ్న సహజము. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు పోషణశాస్త్రజ్ఞులు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి మెదక్ జిల్లా దళితమాతల ఆహారమును పరిశోధించిరి. జొన్న పంపిణీ జరుగు గ్రామముల తల్లులు ఇతర గ్రామముల తల్లులకంటె జొన్నను, పప్పును హెచ్చుగ తినుచున్నట్లు ఆ పరిశోధన తేల్చెను. అదే పరిశోధన తల్లులలో పెక్కుమంది చిక్కిశల్యమై యుండుటను, రేచీకటి యింకను కనబడుటను దాచలేదు. ఆ నిజమును కూడ చెప్పుటవలననే ఆ పని నమ్మదగినదైనది. 2013 జాతీయాహారభద్రతా చట్టము చిరుధాన్యములను కిలో రూపాయికి ఇయ్యవచ్చునని వ్రాసినప్పుడు, ఈ సీమ స్త్రీలు ఇరువదియేండ్లుగ చెప్పుచున్నమాట శాసనపుటకెక్కెను. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు ఈక్వేటర్ పురస్కారము వారికి లభించెను. 2023 చిరుధాన్యముల సంవత్సరముగ లోకమెల్ల జరుపుకొన్నది.

అయినను న్యాల్‌కల్ రేషనుదుకాణమున జొన్న కొలుచు కాలము రాలేదు. 2015 జనవరినుండి ఆరోగ్యలక్ష్మి పథకమున గర్భిణులకు, బాలెంతలకు అంగన్‌వాడీయందు పప్పు, కూర, గుడ్డు, పాలతోకూడిన పూర్ణభోజనము పెట్టుచున్నారు. ఇది గొప్ప మేలు. కాని పళ్ళెము నడుమ నున్నది బియ్యమే. బిడ్డ పుట్టకమునుపే తల్లి నాలుకకు జొన్న దూరమగుచున్నది. అంతకంటె పెద్దభయము నేలగూర్చినది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలములలో 12,635 ఎకరములు జాతీయ పెట్టుబడుల, ఉత్పాదక మండలికై నిర్దేశింపబడినవి. కర్మాగారము వచ్చుట కూడదని నేననను. పిల్లలకు ఉద్యోగములు కావలయును. కాని చేనికి వెలకట్టునప్పుడు అందులో పండు జొన్నకు మాత్రమే కట్టుదురు; విత్తకయే మొలచు తుమ్మికూరకు, జొన్నచెంచలికి, పశువు మేయు చొప్పకు, ఎల్లమాసనాడు గంప దింపు చెట్టునీడకు కట్టరు. పైకము చేతికి వచ్చిన మఱునాటినుండి ఆ కూరలన్నియు ఆ యిల్లాలు సంతలో కొనవలసినవే.

సంఘపు పెద్దయక్కల యిండ్లలో నేటికిని విత్తనపు కుండలు వరుసగ నిలిచియున్నవి. మట్టితో మూతలు అలికి, వేపాకు పఱచి, బూడిద చల్లి, ఏ కుండలో ఏ గింజయో ముట్టుకొనియే చెప్పగలరు. ఎవరికి విత్తనము కావలసినను పైకము తీసికొనరు. తీసికొన్నవారు పంట వచ్చినపిమ్మట ఒకటికి ఒకటిన్నరయో రెండో కొలిచి, అదే కుండలో తిరిగి పోయుదురు.